నా మూడో గేరూ, చిలకమ్మ బంతిపూలూ

నేను ఒక లారీని. లారీ అనగానే పది చక్రాల మీద కొండలా కదిలొచ్చే దాన్ని ఊహించుకున్నారేమో, అది మీ పొరపాటు. నాకున్నవి నాలుగే చక్రాలు, ముందుకు పొడుచుకొచ్చిన ముక్కు, ఒకప్పుడు ఆకుపచ్చగా ఉండి ఇప్పుడు ఏ రంగో నేనే చెప్పలేని ఒళ్ళు. వయసు మాత్రం అడక్కండి. ఇంజను మీద కొట్టిన అంకెలు చూసి కనిపెడదామని వంగినవాళ్ళకి తుప్పు తప్ప ఏమీ కనిపించలేదు. ఆ తుప్పుకి నేను రుణపడి ఉన్నాను.

నన్ను తయారుచేసింది సైన్యం కోసం. మంచు కొండల్లో తిరగాల్సినదాన్ని కదా, నా కడుపులో ఒక హీటరు కూడా పెట్టారు. హీటరంటే పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు. ఇంజన్లో కాగిన నీళ్ళు రెండు రబ్బరు గొట్టాల్లో క్యాబిన్ దాకా వచ్చి వెనక్కి పోతాయి. ముందు అద్దం కింద, బానెట్ చివర, ఒక ఇనప జాలీ ఉంటుంది. బయటి గాలి ఆ జాలీలోంచి దూరి, వేడి గొట్టాల మీంచి పోయి వెచ్చబడి, డ్రైవరు కాళ్ళ దగ్గర బయటకొస్తుంది. గాలిని తోయడానికి ఒక బుల్లి ఫ్యాను. అంతే సంగతి. ఆ జాలీని మాత్రం కాస్త గుర్తుపెట్టుకోండి. నన్ను ఏలినవాళ్ళు మరిచిపోయారు కాబట్టే నాకిన్ని కష్టాలు.

సైన్యంలో ఉన్నన్నాళ్ళూ దర్జాగా బతికాను. పొద్దున్నే నూనె చూసేవారు, సాయంత్రం తుడిచేవారు, పూలు మాత్రం ఒక్కరూ పెట్టలేదు. పూలు పెట్టలేదని అప్పట్లో నాకు లోపల్లోపల చిన్నతనంగా ఉండేది. పక్కన ఆగే మామూలు లారీలు దసరాకి పెళ్ళికూతుళ్ళలా ముస్తాబై నిలబడుతుంటే నేను గుడ్లప్పగించి చూసేదాన్ని. కోరుకునేటప్పుడు కాస్త ఆలోచించి కోరుకోవాలని నాకప్పుడు తెలియదు.

పని చాలించాక నన్ను వేలం వేశారు. గోదావరి జిల్లాలో ఒక బియ్యం మిల్లు యజమాని కొనుక్కున్నాడు. మే నెల మిట్టమధ్యాహ్నం ఆయన నా క్యాబిన్లో కూర్చుని, డ్యాష్‌బోర్డు మీద ఉన్న మీటని ఇదేమిటో చూద్దామని లాగాడు. వేడిగాలి భగ్గున మొహానికి కొట్టింది. "ఈ ఎండల్లో నాకీ కుంపటి ఎందుకయ్యా బాబూ, పీకి అవతల పారెయ్యండి!" అంటూ కిందకి దూకేశాడు. పీకి పారేసే ఓపిక లేక మిల్లు డ్రైవరు రెండు గొట్టాల్నీ కోసి, ఒకదాని మూతి ఒకదానికి కలిపేశాడు. అదే ఊపులో ఇంజన్లో ఉండే థర్మోస్టాట్‌ని కూడా తీసి కాలవలోకి విసిరాడు. ఇంజను తగినంత వేడెక్కేదాకా నీళ్ళని ఆపి ఉంచే చిన్న మూత అది. ఆ పల్లంలో వేడి ఎవరికి కావాలి! అక్కడినుంచి కాకినాడలో చేపలకి ఐసు వేసే వ్యాపారి చేతిలో పడ్డాను. హీటరున్న బండి ఐసు మోయడం కంటే విడ్డూరం ఇంకొకటి ఉంటుందా చెప్పండి. అయినా మోశాను. మనం చెప్పుకుంటే వినేవాళ్ళెవరు?

ఆ ఐసు వ్యాపారి దగ్గరికి ఒకనాడు మన్యం నుంచి ఒక జంట వచ్చింది. కొర్రా బొంజుబాబు, అతని పెళ్ళాం చిలకమ్మ. లంబసింగి ఘాటీ పైన కొత్తలోవ అనే ఊరు వాళ్ళది. ఆ ఊళ్ళో ఆడవాళ్ళంతా సంఘం పెట్టుకుని నాటుకోళ్ళు పెంచుతారు. గుడ్డులోంచి వచ్చిన పిల్లల్ని అదే రోజున కింద నర్సీపట్నంలో తీసుకుని కొండ మీదికి చేర్చాలి. వేసవిలో ఆటోలో తెచ్చుకున్నా చెల్లిపోయేది. చలికాలంలో మాత్రం ఘాటీ ఎక్కేలోపే సగం పిల్లలు బిగుసుకుపోయేవి. అందుకని సంఘం ఒక పాత బండి కొందామనుకుంది. డ్రైవింగు వచ్చినవాడు బొంజుబాబు, సంఘానికి పెద్ద చిలకమ్మ.

ఐసు వ్యాపారి నన్ను వదిలించుకునే తొందరలో ఉన్నాడు. నవ్వుతూ, "దీంట్లో హీటరు కూడా ఉందండోయ్" అన్నాడు. అతను చేసింది ఎగతాళి. బొంజుబాబుకి మాత్రం కళ్ళు ఇంతింతయ్యాయి.

"ఈటరంటే కుంపటి లాంటిదేటి?" అని అడిగింది చిలకమ్మ.

"కుంపటి కాదే. ఇంజను ఏడి లోపలికొచ్చెత్తాది. పొగుండదు, మసుండదు."

"అయితే పిల్లల పెట్టెలు ముందరే ఎట్టుకుని తెచ్చీవొచ్చు! ఈ బండే తీసుకో. మరి మాటాడకు."

నా ఒళ్ళు సొట్టలు పోయి ఉంది, తలుపులు తీగతో కట్టి ఉన్నాయి. ఆ ఒక్క హీటరు మాట మీద చిలకమ్మ నన్ను కొనిపించింది. ఊరెళ్ళి సంఘం ఆడవాళ్ళందరి ముందూ, "ఇక పిల్ల సావదు, నాది పూచీ" అని గుండె మీద చెయ్యేసుకుని చెప్పింది. ఆ పూట నాకు కొంచెం గర్వంగానూ చాలా భయంగానూ ఉంది. గొట్టాలు కోసేసి ఉన్నాయని నాకు తెలుసు కదా.

చిలకమ్మ ప్రేమ గురించి ఇప్పుడు చెప్పాలి. మనుషులు ప్రేమ పుడితే ఊరుకోలేరు, ఏదో ఒకటి చేసి తీరతారు. చిలకమ్మ తన పాత చీరలన్నీ పోగేసి, పొరల మీద పొరలు వేసి, నా క్యాబిన్ నేలకి ఒక బొంత కుట్టింది. గేరు రాడ్డు పైకి రావాలి కాబట్టి మధ్యలో గుండ్రంగా ఒక చిల్లు చేసింది. ఆ చిల్లు చిరిగిపోకుండా అంచుని మడత మీద మడత వేసి, దబ్బనంతో గట్టిగా కుట్టింది. చూడడానికి ముచ్చటగా ఉండేది. ఎరుపు, పసుపు, నీలం, మధ్యలో తన పెళ్ళినాటి చీర ముక్క. వచ్చినవాళ్ళంతా తొంగిచూసి మెచ్చుకునేవారు.

రెండో ముచ్చట పూజ. శుక్రవారం శుక్రవారం నా ముక్కు కడిగి, పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టేది. పెరట్లో బంతిపూలు దోసిళ్ళతో తెచ్చేది. నా బానెట్ వాలుగా ఉంటుంది, పూలు పెడితే జారిపోయేవి. జారకుండా నిలిచే చోటు ఒక్కటే కనిపించింది చిలకమ్మకి, అద్దం కింద జాలీ. పూలు అక్కడ పెట్టి, వాటి మీద పసుపు నీళ్ళు చిలకరించి, ఆపైన అక్షింతలు చల్లి దణ్ణం పెట్టేది. ఎన్నాళ్ళ కోరికో నాది! మొదటి శుక్రవారం ఆనందంతో నా హారను దానంతటదే మోగినంత పనైంది. అక్షింతలు ఒక్కొక్కటే జాలీలోంచి లోపలికి రాలుతుంటే, పోనీలే పాపం అనుకున్నాను.

ఆ ఇంట్లో ఒక బొల్లిపెట్ట ఉండేది. తెల్లారగానే నా బానెట్ మీదికి ఎగిరి, జాలీ దగ్గర నిలబడి ఠకఠకా పొడిచేది. ఒంట్లో బాగాలేనివాడి దగ్గరికి డాక్టరు వచ్చినట్టు అది రోజూ వచ్చేది. రోజూ చిలకమ్మ చీపురు తీసుకుని, "దేవుడి పూలు పొడుత్తావేటే పాడుముండా!" అని తరిమేది. నా రోగం ఆ పెట్టకి తప్ప ఎవరికీ తెలియలేదు.

మొదటి చలికాలం వచ్చింది. నర్సీపట్నంలో పిల్లల్ని ఎక్కించుకుని ఘాటీ మొదలుపెట్టాం. అప్పటికి గని మేస్త్రి గొట్టాలు మళ్ళీ హీటరుకి కలిపాడు. గని మేస్త్రి ఎవరంటే, నర్సీపట్నం రోడ్డు పక్కన షెడ్డు వేసుకుని, చెవిలో బీడీ పెట్టుకుని, బండి గొంతు విని రోగం చెప్పేస్తానని చెప్పుకునే మెకానిక్కు. గొట్టాలు కలిపినందుకు నేను మనసులోనే సలాము కొట్టాను. కానీ ఘాటీ మలుపుల్లో బొంజుబాబు గేరు మూడోదానికి తోసిన ప్రతిసారీ, కొంచెం దూరం పోగానే అది ఊడి ఖాళీలోకి పడిపోయేది. ఇంజను గొంతు చించుకుని అరిచేది, బండి వెనక్కి జారేది, అతను బ్రేకు తొక్కి రెండో గేరు వేసి నత్తలా నడిపేవాడు. హీటరు మీట లాగితే ఫ్యాను గుర్రుమని తిరిగేది, గాలి మాత్రం ముసలివాడి నిట్టూర్పులా ఉండేది. ఊరు చేరేసరికి చీకటిపడింది. పెట్టెల మూతలు తీస్తే చాలా పిల్లలు కదల్లేదు.

నాకు గుండె లేదని మీరనుకుంటారు. సరే, లేదనే అనుకోండి. ఆ పూట చిలకమ్మ పెట్టెల ముందు కూలబడి ఒక్కొక్క పిల్లనీ అరచేతిలో పెట్టుకుని ఊదుతుంటే నా రేడియేటర్లో నీళ్ళు సలసలా కాగినట్టు అనిపించింది.

సంఘంలో పాంగి రత్నాలమ్మ పెద్దది, ముక్కు మీద కోపం మనిషి. "కుంపటున్నాదన్నావు కదే చిలకా? ఏదే నీ కుంపటి?" అని నిలదీసింది. "పశువుల డాటరుగారు మరొక్క ఇడత పిల్లల్నిత్తానన్నారు. అయ్యీ సచ్చేయంటే మరి ఇవ్వరు. అప్పుడు ఈ డొక్కుబండిని తుక్కోడికి తోలెయ్యడమే, సంఘం ముయ్యడమే."

"సావవు వొదినా. బండి బాగుసేయించే తెత్తాను" అంది చిలకమ్మ. ఇచ్చిన మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు. తుక్కు మాట రత్నాలమ్మ నోట్లోంచి ఊడిందో లేదో, కింద నుంచి తుక్కువాడు ఒకడు వచ్చి నా చుట్టూ తిరిగి, టైర్లు తన్ని, తలుపు ఎత్తి బరువు చూసి వెళ్ళాడు. బతికున్నదాన్ని అలా తూచకూడదని వాడికెవరూ నేర్పలేదు.

అక్కడినుంచి మొదలైంది నా వైద్యం. బొంజుబాబు నన్ను గని మేస్త్రి దగ్గరికి తీసుకెళ్ళాడు. గేరుబాక్సు విప్పాలంటే ముందు క్యాబిన్ నేల ఖాళీ చెయ్యాలి. గని బొంత తీసి, మడిచి, సామాన్ల పెట్టె మీద వేసి, దాని మీద కూర్చుని టీ తాగుతూ నా రోగం గురించి దీర్ఘంగా ఆలోచించాడు. రోగం మీదే కూర్చుని రోగం ఏమిటని ఆలోచించడం మనిషికి మాత్రమే సాధ్యం.

గేరు నూనె తీసి వేళ్ళ మధ్య రుద్ది చూశాడు. ఇనప రజను లేదు. పళ్ళు చూశాడు, అరగలేదు. గేరుని పట్టి ఉంచే స్ప్రింగు, దాని కింద గుండు మార్చి, మూత బిగించి, షెడ్డు వెనక ఎత్తు మీదికి నడిపి చూశాడు. మూడో గేరు బంక పెట్టినట్టు కదలకుండా కూర్చుంది. కూర్చోదా మరి? బొంత పెట్టె మీద ఉందిగా.

"సూశావా బొంజుబాబూ, ఆ స్ప్రింగే" అన్నాడు గని మీసం తుడుచుకుంటూ. "నా చెయ్యి పడితే ఏ గేరైనా మాట ఇనాలి."

బొంజుబాబు బొంతని కళ్ళకద్దుకుని భక్తిగా మళ్ళీ పరిచాడు. మొదటి మలుపు దగ్గర మూడో గేరు ఊడి పడింది.

మళ్ళీ షెడ్డుకి. మళ్ళీ బొంత తీశారు, మళ్ళీ బాగుంది. మళ్ళీ బొంత పరిచారు, మళ్ళీ పోయింది. లోపలి రోగం ఇంత తేలిక. చిలకమ్మ అంత ముచ్చటగా కుట్టిన ఆ మందపాటి అంచు రాడ్డుకి ముందువైపు అడ్డం పడుతోంది. మూడో గేరంటే రాడ్డు ముందుకి పోవాలి. వేలెడు దూరం ముందే అంచుకి తగిలి ఆగిపోతుంది. గేరు పడిందని బొంజుబాబు అనుకుంటాడు, పళ్ళు సగమే కలుస్తాయి, ఎత్తులో బరువు పడగానే విడిపోతాయి. నేను రాడ్డు వణికించి చూపించాను, బొంత మీద గీరి చూపించాను. "రాడ్డు వణుకుతున్నాది, ఇది మౌంటింగు" అని ఇంజను కింద రబ్బర్లు మార్చారు.

హీటరుకీ ఇదే సేవ. గని ఇంజను మీద చెయ్యిపెట్టి, "ఇది అసలు ఏడెక్కడం లేదు" అన్నాడు. మూత తీసి చూసి, "పల్లపోళ్ళు థర్మోస్టాట్ పీకీసినారు, నీళ్ళు ఊరికే పరుగెడితే ఏడెలా అవుతాయి?" అంటూ కొత్తది వేశాడు. ఇది మాత్రం నిజంగా మంచి వైద్యమే, ఒప్పుకోవాలి. గొట్టాలు రెండూ చెయ్యి పెట్టలేనంత కాలాయి. అయినా గాలి రాలేదు. ఫ్యాను మార్చాడు. రాలేదు. లోపలి జల్లెడ కడిగాడు. రాలేదు. పైన పూలు వాడిపోయి, పసుపు నీళ్ళతో ముద్దకట్టి, అక్షింతలతో కలిసి జాలీ కింద గోడలా పేరుకుపోయి ఉన్నాయి. గని ఆ జాలీ వైపు చూశాడు కూడాను. పూలు కనబడ్డాయి, దేవుడి పూలు కదా అని చెయ్యి వెయ్యకుండా మర్యాదగా పక్కకి తిరిగాడు. ఆ మర్యాదకి నేనేమనను?

చివరికి చేతులెత్తేసి, "నా షెడ్డులో బాగుంటాది, మీ ఇంటికాడ సెడిపోద్ది. ఇది రిపేరు కాదు. దిష్టి" అని తేల్చాడు.

దిష్టి అనగానే ఇంకేముంది! చిలకమ్మ మరుసటి శుక్రవారం రెట్టింపు బంతిపూలు తెచ్చింది. అక్షింతలు దోసిలితో పోసింది. బొంత కింద ఇంకొక గోనెపట్టా కూడా పరిచింది, పిల్లలకి నేల చల్లదనం తగలకూడదని. రోగం పెరిగేకొద్దీ పూజ పెరిగింది, పూజ పెరిగేకొద్దీ రోగం పెరిగింది. బొల్లిపెట్ట బానెట్ మీదికి ఎగిరి పిచ్చెక్కినట్టు పొడిచింది. ఈసారి దానికి రెండు చీపురుదెబ్బలు పడ్డాయి.

రెండో విడత పిల్లలు తేవాల్సిన రోజు వచ్చింది. ఆ ఏడు చలి అలాంటిలాంటిది కాదు. మధ్యాహ్నమే నర్సీపట్నంలో పెట్టెలు ఎక్కించుకున్నాం. ముందు సీట్లో బొంజుబాబు పక్కన చిలకమ్మ కూర్చుంది. ఒళ్ళో ఒక పెట్టె, కాళ్ళ దగ్గర మిగతావి. పెట్టెల చిల్లుల్లోంచి కియ్ కియ్ మని ఒకటే గోల. ఆ గోల వింటున్నంతసేపూ చిలకమ్మ మొహం వెలుగుతూనే ఉంది. దిష్టి పోయిందనే ధైర్యం.

ఘాటీ మొదలైంది. పొగమంచు చెట్ల మీంచి దిగి రోడ్డు మీదికొచ్చింది. రెండో మలుపులో మూడో గేరు ఊడింది. బొంజుబాబు పళ్ళు బిగించి మళ్ళీ వేశాడు. ఊడింది. గోనెపట్టా కూడా చేరడంతో ఈసారి రాడ్డు మరీ దారుణంగా అడ్డుకుంటోంది. హీటరు ఫ్యాను గుర్రుమంటోంది, గాలి లేదు. లోపల అద్దం మీద మంచు పట్టి దారి మసకబారింది. అతను ఒక చేత్తో అద్దం తుడుస్తూ ఒక చేత్తో రాడ్డు పట్టుకుని తిట్టుకుంటున్నాడు.

కియ్ కియ్ గోల మెల్లగా తగ్గింది. చిలకమ్మ చెవి పెట్టెకి ఆనించింది.

"ఏటయ్యా, ఇయ్యి మాటాడ్డం లేదు."

"నానేటి సెయ్యను? గేరు నిలవట్లేదు!"

"సచ్చిపోతన్నాయయ్యా! ఏదోటి కప్పాలి." పైన కప్పుకున్న దుప్పటి అప్పటికే ఒక పెట్టె మీద ఉంది. చిలకమ్మ అటూ ఇటూ చూసింది. ఇంకేమీ లేదు. కాళ్ళ కింద బొంత ఉంది. ఒక్క ఉదుటున దాన్ని పట్టుకుని లాగింది. గేరు రాడ్డు చుట్టూ ఉన్న చిల్లు దగ్గర అడ్డుపడితే, "రా! రావేటే!" అని అరుస్తూ కుట్లు పటపటా తెంపింది. గోనెపట్టా కూడా దాంతోపాటే ఊడొచ్చింది. రెండింటినీ పెట్టెల మీద కప్పి, మీద తన చేతులు వేసి కూర్చుంది.

బొంజుబాబు అలవాటు కొద్దీ రాడ్డు మూడో గేరుకి తోశాడు. టక్కుమంది. నా జన్మలో ఆ చప్పుడంత తియ్యగా ఏదీ వినలేదు. రాడ్డు పోవాల్సినంత దూరం పోయింది. మలుపు తిరిగింది. గేరు నిలబడింది. ఇంకో మలుపు. నిలబడింది. బొంజుబాబు రాడ్డు మీంచి చెయ్యి తీసి దాని వంక పాము వంక చూసినట్టు చూశాడు.

"ఏటే ఇది... ఊడట్లేదు."

"ఊడకపోతే తోలు! సూత్తా కూకుంటావేటి?"

నేను రేగిపోయాను. సైన్యంలో ఉన్నప్పుడు కూడా అంత ఉషారుగా ఎక్కలేదు ఏ కొండా. కానీ వేగం ఒక్కటే చాలదు, వెచ్చదనం కావాలి. ఘాటీ మధ్యలో ఒక టీ పాక కనబడగానే చిలకమ్మ ఆపమంది. సీసాల్లో వేడినీళ్ళు పోసి పెట్టెల మధ్య పెడదామని ఆమె ఆలోచన. పాక ఆవిడ నీళ్ళు పొయ్యి మీద పెట్టింది. ఇంజను ఆడుతూనే ఉంది, నా బానెట్ వెచ్చగా ఉంది. పాక చూరు కింద ముడుచుకున్న కోడిపెట్ట ఒకటి ఆ వెచ్చదనం చూసి ఎగిరి నా మీదికొచ్చింది. తిన్నగా జాలీ దగ్గరికి నడిచి ఠకఠకా పొడవడం మొదలెట్టింది.

చిలకమ్మ అలవాటుగా చెయ్యెత్తింది. "దేవుడి పూ..." అని సగంలో ఆగిపోయింది.

చెయ్యి గాల్లోనే ఉంది. ఇంటి దగ్గరి బొల్లిపెట్ట, ఇక్కడ ఈ పెట్ట, రెండూ ఒక్కచోటే. దగ్గరికొచ్చి వంగి చూసింది. జాలీ అడుగున ఫ్యాను గుర్రుమంటోంది. పెట్ట ముక్కుతో ఒక ఉబ్బిన అక్షింత బయటికి లాగి మింగింది. ఇంకొకటి లాగింది. లోపల బోలెడున్నాయన్న ధీమాతో తింటోంది అది.

"ఇదేటి తింతన్నాదయ్యా ఇక్కడ?" అంది చిలకమ్మ. తర్వాత మెల్లగా, "ఒలమ్మో! గాలి ఇక్కడినుంచి కదేటి లోపలికెల్తాది?"

బొంజుబాబు దిగొచ్చాడు. తనూ జాలీ మీదికి వంగాడు.

పాక ఆవిడ దగ్గర గరిటె లాక్కుని, దాని కాడతో జాలీ పైకెత్తింది చిలకమ్మ. లోపలికి చెయ్యి పెట్టి తియ్యడం మొదలెట్టింది. వాడిన బంతిపూలు, ముద్దకట్టిన పసుపు, బూజుపట్టిన బియ్యం, కొబ్బరి ముక్కలు, కరిగి గడ్డకట్టిన కర్పూరం. శుక్రవారాలన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఉన్నాయి అక్కడ. దోసిలి తర్వాత దోసిలి తీసి పాక ముందు పోస్తుంటే కోళ్ళన్నీ వచ్చి చేరాయి. తీస్తున్నంతసేపూ కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి చిలకమ్మకి. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు, ఆవిడకీ తెలిసుండదు. "నా చేతుల్తో నానే నీ ముక్కు మూసీసినానా! ఇన్నాళ్ళూ దణ్ణం కూడా ఎట్టినాను కదేటి!" అంటూ నా బానెట్ మీద రెండు దెబ్బలు వేసింది. నాకేం నొప్పి కలగలేదు.

చివరి దోసిలి తియ్యగానే ఫ్యాను గాలి పీల్చుకుంది. ఒక్కసారి ఊపిరి అందింది నాకు. క్యాబిన్లోకి వేడిగాలి భగ్గున కొట్టింది. ఎండిన బంతిపూల వాసన, కర్పూరం వాసన, ఎక్కడో ఏళ్ళనాటి ఐసు వ్యాపారి చేపల వాసన కూడా కాస్త. అద్దం మీద మంచు కరిగి జారింది. చిలకమ్మ పెట్టెల మూతలు తీసి గాలికి ఎదురుగా పెట్టింది. కాసేపు ఏమీ లేదు. పాక ఆవిడ కూడా వేడినీళ్ళ సీసాలు పట్టుకుని తలుపు దగ్గర నిలబడింది. తర్వాత ఒక పెట్టెలోంచి ఒక గొంతు, కియ్. దానికి జవాబుగా ఇంకోటి. ఆ తర్వాత క్యాబిన్ అంతా గోల. బొంజుబాబు స్టీరింగు మీద తలపెట్టుకుని నవ్వడం మొదలెట్టాడు, ఎంతకీ ఆపలేదు.

కొత్తలోవ చేరేసరికి ఇంకా వెలుగుంది. రత్నాలమ్మ చేతులు కట్టుకుని ఎదురుచూస్తోంది, తిట్లు సిద్ధంగా పెట్టుకుని. మూతలు తెరవగానే పసుపుపచ్చటి తలలన్నీ ఒక్కసారి పైకి లేచాయి. రత్నాలమ్మ నోట్లో తిట్లు ఏమైపోయాయో తెలియదు. "ఒక్కటీ సావలేదే!" అని చిలకమ్మని పట్టుకుని ఏడ్చేసింది. తర్వాత తేరుకుని, "అయినా ఇంత ఆలిసెం సేసినావేటే?" అంది. ఆమె తిట్టకపోతే ఊరు ఊరులా ఉండదు.

గని మేస్త్రికి సంగతంతా చెబితే ఆయన ఒప్పుకోలేదు. "అదంతా కాదు. నేనేసిన స్ప్రింగు లేటుగా పట్టుకుంది" అని ఇప్పటికీ అంటాడు. ఏమైనా థర్మోస్టాట్ ఆయన వేసిందే. అది లేకపోతే ఏ గాలి వచ్చినా చల్లగాలే వచ్చేది. ఆ ఒక్కదానికి ఆయన్ని క్షమించాను.

ఆ తర్వాత నన్ను ఎన్నో చలికాలాలు నడిపారు. చిలకమ్మ పూజ మానలేదు. మనిషి కదా, ఎందుకు మానుతుంది? పూలని దారానికి గుచ్చి నా ముక్కుకి కడుతుంది, జాలీ దరిదాపులకి రానివ్వదు. అక్షింతలు మాత్రం శుక్రవారం పొద్దున్నే బొల్లిపెట్ట ముందు పోస్తుంది. చీపురు దెబ్బలకి అది పరిహారం అనుకుంటాను. బొంత కుట్లు మళ్ళీ వేసి సీటు మీద పరిచింది, గేరు రాడ్డుకి అడ్డం పడేలా నేల మీద కాదు.

ఇప్పుడు నేను నడవను. ఇంజను తీసి ఇంకెవరికో ఇచ్చేశారు, సంఘం కొత్త బండి కొనుక్కుంది. నేను చిలకమ్మ పెరట్లో టైర్లు లేకుండా రాళ్ళ మీద కూర్చున్నాను. తుక్కువాడు నన్ను మరచిపోలేదు. పండగలకీ పబ్బాలకీ వచ్చినట్టు వస్తూనే ఉంటాడు. వచ్చినప్పుడల్లా చిలకమ్మ నా తలుపు తీసి చూపిస్తుంది. డ్రైవరు సీటులో, ఆ బొంత మీద, ఏదో ఒక పెట్ట పొదుగుతూ ఉంటుంది.

"ఇప్పుడెలా ఇత్తాను బాబూ? గుడ్లున్నాయి. పిల్లలు దిగినాక రా."

వాడు గొణుక్కుంటూ వెళ్ళిపోతాడు. పిల్లలు దిగుతాయి. వాడి వీపు కనుమరుగయ్యిందో లేదో, చిలకమ్మ చెంగులో గుడ్లు తెచ్చి ఇంకో పెట్ట కింద సర్దుతుంది. నేను చూస్తూనే ఉంటాను. నేను చూశానని ఆమెకీ తెలుసేమో, ఒక్కోసారి స్టీరింగు మీద తట్టి వెళుతుంది.

నా హీటరు గొట్టాలు ఎప్పుడో ఊడిపోయాయి. ఫ్యాను లేదు, నీళ్ళు లేవు. అయినా ఈ చలికాలంలో మీరెప్పుడైనా కొత్తలోవ వస్తే నా తలుపు తీసి డ్రైవరు సీటులో చెయ్యి పెట్టి చూడండి. పెట్ట పొడవకుండా ఉంటే తెలుస్తుంది, ఎంత వెచ్చగా ఉందో.